పారెయ్యని ఫొటోలు

ఆపరేషన్ థియేటర్ తలుపు తెరిచి సర్జన్ మాస్కు కిందికి లాగాడు.

"సార్, పేగులో గడ్డ మెరుస్తోంది. కానీ మేడమ్‌గారి కాలేయం కూడా మెరుస్తోంది. మీ రంగు కాలేయంలో నిలవదని మీ పరిశోధన పేపర్లో రాశారుగా? అంటే అక్కడికీ పాకినట్టే. ఇక గడ్డ ముట్టుకోకుండా కుట్టేయాల్సిందే."

కంటికి కనపడని వెలుగుతో ఒంటి లోతుల్లోని గడ్డను కెమెరాకు పట్టిచ్చే ఆ రంగు తయారుచేసిన ప్రొఫెసర్ బెంచీ మీద కూలబడ్డాడు. లోపల బల్ల మీదున్నది ఆయన భార్యే.

పక్కనే ఆయన శిష్యురాలు నిలబడి ఉంది. నోరు విప్పితే తన డాక్టరేటు గల్లంతు. విప్పకపోతే లోపలున్న మనిషి గల్లంతు.

"సార్, ఆ పదకొండు ఎలుకలు..."

"ఏ ఎలుకలు?"

ఆయన నటించడం లేదు. మూడేళ్లుగా తన రాతను తానే నమ్ముతూ వచ్చాడు.

"జబ్బు లేని ఎలుకలు సార్. వాటి కాలేయాలూ ఇలాగే మెరిశాయి. ఫొటోలు పారెయ్యమన్నారు."

ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "పారేశావా అమ్మా?"

ఇన్నాళ్లూ ఆమె భయపడింది ఆ ప్రశ్నకే.

"లేదు సార్. ఫోన్లో ఉన్నాయి."

"బతికించావు తల్లీ!"

సర్జన్ ఫొటోలన్నీ చూశాడు. "ఇవి పేపర్లో లేవే?"

"తీసేయించింది నేనే. ఈ అమ్మాయి తప్పేం లేదు. ముందు కాలేయం ముక్క తీసి పరీక్ష చేయించండి, డాక్టరుగారూ."

అరగంట తర్వాత నర్సు వచ్చి, కాలేయంలో ఏమీ లేదని, గడ్డ తీస్తున్నారని చెప్పింది.

ప్రొఫెసర్ శిష్యురాలి వైపు తిరిగాడు.

"పేపరు వెనక్కి తీసుకుంటున్నామని రేపే ఉత్తరం రాయాలి. నువ్వే రాయమ్మా. నేను రాస్తే మళ్లీ ఏదో ఒకటి వదిలేస్తాను."