ఇరవయ్యో నోరు

మూడోసారి కూడా డాక్టర్ అనుపమ వద్దనే అంది.

"మీకు ట్రీట్‌మెంట్ మామూలుగ చేస్త అంకుల్. ఈ స్టడీల మాత్రం మీరొద్దు."

"ఎందుకు బిడ్డా? నా నోరు పనికిరాదా?"

అనుపమ ఎక్స్‌రే వైపు తిరిగింది. పనికిరాకేం? సికింద్రాబాద్‌లోని ఆ డెంటల్ కాలేజీలో ఏడు నెలలుగా అలాంటి నోటి కోసమే వెతుకులాట. రెండు వైపులా చిగుళ్ళు ఒకే తీరుగా చెడి ఉండాలి. రెండు వైపులా కోసి శుభ్రం చేసి, ఒక వైపు పట్టుదారంతో, రెండో వైపు తనంతట తనే కరిగిపోయే దారంతో కుట్టాలి. ఏ దారాన్ని చిగుళ్ళు ఎలా ఓర్చుకుంటున్నాయో మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు చూసి రాసుకోవాలి.

ఇరవై మందిని చూడాలనుకున్నారు. పంతొమ్మిది మంది దగ్గర పని ఆగిపోయింది. ఇంకొక్కరు దొరక్కపోతే కాగితాలన్నీ కట్టగట్టి అల్మారాలో పడేయడమే.

ఆ సంగతి యాప్రాల్‌లో పంక్చర్ల దుకాణం నడిపే పర్వతాలు చెవిన పడింది. మర్నాడే షట్టర్ దించి బస్సెక్కాడు.

నిజానికి అతనికి ఆ కుర్చీ అంటే చచ్చేంత భయం. చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతోందని, పళ్ళు కదులుతున్నాయని ఇంట్లో ఐదారేళ్ళుగా ఒకటే పోరు. టార్చిలైటు పట్టుకుని ఎదురుగా కూర్చుని బతిమాలినా నోరు తెరిచేవాడు కాదు. రేపు చూద్దామని నవ్వేసి, జర్దా దవడన పెట్టుకుని బయటికి నడిచేవాడు.

ఇప్పుడు ఆ జర్దా మానేశాడు. పది రోజులైంది.

చివరికి ప్రొఫెసర్ సత్యదేవ్ కల్పించుకున్నారు. "అన్నీ వివరంగ చెప్పినం. ఇష్టపడే సంతకం పెట్టిండు. రూల్స్ ప్రకారం అడ్డేం లేదు. చెయ్యమ్మా."

కుట్లు వేసేటప్పుడు అనుపమ ఒక్కో ముడినీ రెండుసార్లు సరిచూసుకుంది. మధ్యలో ఒకసారి సూది పక్కన పెట్టి బయటికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మాస్కు పైన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిమ్మలంగ కుట్టు బిడ్డా. నేనేడికి పోను," అన్నాడు పర్వతాలు, తిమ్మిరెక్కిన పెదవులతో.

మూడో రోజుకి పట్టుదారం వేసిన కుడివైపు వాచింది. దవడ దాకా సలుపు. ఎడమవైపు మాత్రం కుట్లు పడ్డట్టే లేదు. అతని భార్య విజయమ్మ జావ కాచి, చల్లార్చి తెచ్చింది.

"ఇంకో గోలీ ఏస్కో. ముఖమంత గుంజుకపోయింది."

"డాక్టర్ చెప్పినన్నే ఏస్కోవాలె. ఎక్కువ ఏస్కుంటే లెక్క తప్పొస్తది. వాళ్ళ కష్టమంత ఖరాబైతది."

విజయమ్మ జావ గిన్నె అతని చేతిలో పెట్టింది.

"గప్పుడే నోరు తెరిచి సూపిస్తే నీదేం పోయేది?"

ఆ మాటలో కోపం లేదు. అందుకే అతను తట్టుకోలేకపోయాడు. గిన్నె కింద పెట్టి, పెరట్లో నల్లా దగ్గరికి వెళ్ళి, నీళ్ళు వదిలి ఆ చప్పుడులో నిలబడ్డాడు.

ఏడో రోజు అనుపమ పట్టుదారం తీసింది. చిగుళ్ళ ఎరుపుకు కుడివైపు మూడు మార్కులు, ఎడమవైపు ఒకటి అని రాసుకుంది.

"పట్టు మెత్తగనే ఉంటది అంకుల్. కానీ అది పేనిన దారం. పోగుల సందుల్ల అన్నం ఇరుక్కుంటది, పురుగు చేరుతది. అందుకే చిగురు దాన్ని ఓర్వదు."

"మరి గా రెండోది తియ్యవా?"

"అక్కర్లేదు. గాయం మానేదాకా పట్టి ఉంచుతది. తర్వాత మెల్లగ ఒంట్లనే కలిసిపోతది."

"ఇగ కనబడదా?"

"కనబడదు అంకుల్."

పర్వతాలు తలూపాడు. ఇంటికి వెళ్ళే బస్సులో తన స్టాపు దాటిపోయినా లేవలేదు. కండక్టర్ తట్టి దింపితే ఎండలో వెనక్కి నడిచి వచ్చాడు.

పద్నాలుగో రోజు ఆఖరిసారి చూసి, అంకెలు రాసి, అనుపమ పెన్ను మూసింది. "ఇరవై నిండింది అంకుల్" అనబోయి సగంలో ఆగిపోయింది. అతనే ఆమె తల మీద చెయ్యి వేసి, "పోయొస్త బిడ్డా" అని లేచాడు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అనుపమ స్కూటీ యాప్రాల్‌లో దుకాణం ముందు ఆగింది. పర్వతాలు నీళ్ళతొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు. ఆమెను చూసి లేచి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. లోపలి నుంచి విజయమ్మ కూడా వచ్చి గడప దగ్గర నిలబడింది.

"మన స్టడీ జర్నల్‌ల వచ్చింది అంకుల్. మొదటి కాపీ మీకే."

తడి ఆరేదాకా చేతులు చొక్కాకి తుడుచుకుని అప్పుడు అందుకున్నాడు. మొత్తం ఇంగ్లీషు. పైన రెండు వరుసల్లో పెద్ద అక్షరాలు. వాటి కింద మూడు పేర్లు.

"ఆఖరుది సత్యదేవ్ సార్‌ది. దానికి ముందుది నాది," అంది అనుపమ.

పర్వతాలుకు ఇంగ్లీషులో అక్షరాలు తప్ప రావు. అయినా అన్నిటికంటే ముందున్న పేరు మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివాడు: ఆ పంతొమ్మిది నోళ్ళనూ తన చేత్తో కుట్టి, ఇరవయ్యో నోరు దొరక్కముందే నిరుడు శ్రావణంలో డెంగ్యూతో పోయిన డాక్టర్ రజిత, అతని కూతురు.