డేగు ఎండుచేప

ఎండబెట్టిన కొండ ఆకుకూర నానబెట్టాలి. గుమ్మడి బద్దలూ టోఫూ పిండిలో ముంచి వేయించాలి. ఇత్తడి గిన్నెలు తోమాలి. మామగారి ఫొటో అద్దం తుడవాలి. వీటన్నిటికన్నా ముందు, అత్తగారి కంట పడకుండా మాత్రలు పారబొయ్యాలి.

ఆ ఆఖరి పని మిరన్ తెల్లవారకముందే చేసేసింది. బియ్యప్పిండి డబ్బా వెనక దాచిన సీసాను సింకులో కుమ్మరించి నీళ్ళు వదిలింది.

జబ్బు పేరు బైపోలార్. ఉల్సాన్‌లో వేరే కాపురం ఉన్నప్పుడు, ఒక వసంతంలో ఆమెకు నిద్రే అక్కర్లేకపోయింది. ఎవరికీ చెప్పకుండా బజార్లో మూడు కొట్లు అద్దెకు తీసుకుంది. ఆ చలికాలానికి చెంచా ఎత్తే ఓపిక కూడా లేకపోయింది. లిథియం మాత్రలు మొదలుపెట్టాక మనసు నేల మీద నిలిచింది. చాలాకాలంగా నిలిచే ఉంది. ఇంక నయమైపోయినట్టే కదా!

మామగారు పోయాక అత్తగారింటికి వచ్చేటప్పుడే భర్త థేసిక్ హెచ్చరించాడు. "అమ్మకు మాత్రం తెలియనివ్వకు. పిచ్చిదని పుట్టింటికి పంపించేస్తుంది." మాత్రలతోపాటు ఆ భయమూ ఇవాళ కొట్టుకుపోయింది.

"చీకట్లోనే లేచి ఏం చేస్తున్నావే?" అత్తగారు ఒక్‌బున్ గుమ్మంలో నిలబడింది.

"తద్దినం పనులు అత్తయ్యా."

"నిద్ర మానుకుని చెయ్యమని మీ మామగారు కలలోకొచ్చి చెప్పాడా? కూర్చో. ఈ చారు తాగు. మళ్ళీ ఉప్పు తగ్గించి తిన్నావంటే ఊరుకోను."

ఆవిడ పెత్తనం అలాంటిది. వేళకు దీపం ఆర్పెయ్యాలి. వీధిలో ఆడవాళ్ళందరూ ఆవిరి స్నానాలకు పోతే ఈ కోడలు పోకూడదు. ఒళ్ళునొప్పుల మాత్ర కూడా ఆవిణ్ణి అడిగే వేసుకోవాలి.

మిరన్ చారు తాగి ఫొటో తుడిచింది. ఆ ఇంట్లో ఉన్న ఫొటో అదొక్కటే. థేసిక్ అక్క సన్హేది ఒక్కటీ లేదు. కాలు జారి నదిలో పడిందంటారు. పెళ్ళికాకుండా పోయిన ఆడపిల్లకు తద్దినం పెట్టరు, పేరు కూడా ఎత్తరు.

"బస్సెక్కి డేగు పట్నం పోయి ఎండుచేప తీసుకురా," అంది ఒక్‌బున్.

"ఇక్కడి బజార్లోనే ఉంది కదా అత్తయ్యా."

"అది ఎండుచేపా? చెప్పు అట్ట! అది పెడితే మీ మామగారు పళ్ళెం తన్ని పోతాడు."

నెలనెలా ఇదే తంతు. ఒకసారి నువ్వులనూనె, ఒకసారి దుప్పటి గుడ్డ. ఏదో ఒక వంకతో డేగు తరుముతుంది. ఊళ్ళో డాక్టరు దగ్గరికి పోతే నలుగురూ చూస్తారని, మిరన్ ఆ వంకతోనే డేగు ఆస్పత్రిలో రక్తపరీక్ష చేయించుకుని మందులు తెచ్చుకునేది. అత్తగారి కళ్ళు కప్పినందుకు బస్సులో ఒక్కతే నవ్వుకునేది.

ఇవాళ ఆస్పత్రి వీధివైపే తిరగలేదు. చేపలు కొని వెంటనే తిరుగు బస్సెక్కింది.

ఒక్‌బున్ నేల మీద కూర్చుని తద్దినంలో పెట్టే బేరిపండ్లకు పైభాగం కోస్తోంది.

"అప్పుడే వచ్చేశావేం? క్యూ లేదా?"

"చేపల కొట్లో క్యూ ఏమిటత్తయ్యా!" మిరన్ నవ్వింది.

ఒక్‌బున్ నవ్వలేదు. కత్తి కింద పెట్టి సంచిలోకి చూసింది. చేపలు తప్ప ఏమీ లేవు. కోడలి చెయ్యి పట్టుకుని చొక్కా చేతిని పైకి తోసి మోచేతి మడత చూసింది. సూది గుచ్చిన గుర్తు లేదు. ఆవిడ మొహం పాలిపోయింది.

"చెప్పులు విప్పకు. ఆస్పత్రి మూసేలోగా పోదాం. నేనూ వస్తాను."

మిరన్ బేరిపండ్లవైపు చూసింది. "మరి... తద్దినం?"

"చచ్చినవాడు ఆగుతాడు."

గోడ పట్టుకుని లేచి, గుమ్మం దగ్గర కోడలివైపు తిరగకుండానే అంది.

"రాత్రి మామగారికి మొక్కేటప్పుడు మా సన్హేను కూడా తలుచుకో."

ఆ పేరు ఆవిడ నోట వినడం మిరన్‌కు అదే మొదటిసారి.

"అదీ నయమైందనే మందు మానేసింది."