పెద్దావిడ ఇచ్చిన సీటు

పరాయి దేశంలో రైలెక్కితే మాకు సీట్లు విడివిడిగా వచ్చాయి. మా ఆయన వసపిట్ట. ఈ పూటకి చెవులకి విశ్రాంతి అనుకున్నాను.

నా పక్కనున్న పెద్దావిడ, మేం మొగుడూ పెళ్లాలమని సైగలతో తెలుసుకుని, వద్దన్నా వినకుండా ఆయన్ని పిలుచుకొచ్చి తన సీట్లో కూర్చోబెట్టింది. తను వెళ్లి ఆయన సీట్లో నిద్రపోయింది.

"ఎంత మంచి మనసో చూడవే," అన్నారు మా ఆయన.

ఆయనకి అటుపక్క ఓ ముసలాయన. ఒకరి భాష ఒకరికి రాకపోయినా, ఊరొచ్చేదాకా ఇద్దరూ నోరు మూయలేదు.

దిగేముందు పెద్దావిడ తేటగా వచ్చి, ముసలాయన కోటుకి గుండీలు పెట్టి, మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

మర్నాటి రైల్లో మాకు పక్కపక్క సీట్లే దొరికాయి. నేను లేచి, విడివిడిగా కూర్చున్న కొత్త జంట కోసం బోగీ అంతా వెతికాను.