పక్కవాడు పోతాడులే

నానక్‌రామ్‌గూడ కల్లు దుకాణానికి ఎదురుగా, ఎవరిదో బీడు భూమిలో, హద్దురాయి పక్కన బుల్లిబాబు నిలబడి ఉన్నాడు. ఎండకి మొహం కందిపోయింది. ఎటూ చూడొద్దన్నారు గనక ఎటూ చూడటం లేదు.

దుకాణం చివర, ఉడికించిన శనగ గుడాలమ్మే ముసలి కిష్టమ్మ గంప పక్కన, ఒక బండమీద కూచుని విశ్వేశ్వరరావు అతన్ని గమనిస్తున్నాడు. ఆయన నగరంలో ఒక కాలేజీలో సైకాలజీ లెక్చరర్. ఆ డెబ్బై ఒకటో సంవత్సరం వేసవంతా ఆయన బుర్రలో ఒకటే సిద్ధాంతం. అమెరికా పత్రికలో చదివాడు. ఆపదలో ఉన్న మనిషిని ఒక్కడే చూస్తే సాయానికి పరిగెడతాడు. నలుగురు చూస్తే ఎవడూ కదలడు. పక్కవాడు పోతాడులే అని ప్రతివాడూ అనుకుంటాడు.

అక్కడి మాట ఇక్కడ నిలబడుతుందో లేదో తేలాలి. అందుకే ఈ ఏర్పాటు. దెబ్బలు తినడానికి బుల్లిబాబు తనంతట తనే ముందుకొచ్చాడు. కాకినాడ కుర్రాడు. గురువుగారి మాటంటే వేదం. కొట్టేవాణ్ణి తోటి లెక్చరర్ చలపతిరావు కుదిర్చాడు.

“మా నాటకాల ట్రూపులో రౌడీ వేషాలు వేస్తాడండి. మీరు వాణ్ణి చూడక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. వస్తాడు, నాలుగు తగిలిస్తాడు, పోతాడు,” అన్నాడు.

తగాదాకి కారణం మాత్రం విశ్వేశ్వరరావే కల్పించాడు. జాగా తగాదా. అదైతే ఊళ్ళో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

ఆదివారం కావడంతో దుకాణం కిటకిటలాడుతోంది.

పొలాల వైపు నుంచి ఒకడొచ్చాడు. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, కాళ్ళకి మట్టి, చేతిలో ముల్లుగర్ర. వేషం కుదిరిందనుకున్నాడు విశ్వేశ్వరరావు.

“ఎవనివిరా నువ్వు? ఈడెందుకు నిలవడ్డవ్?”

“నా జాగాలో నేను నిలబడ్డాను. నీకేం?” బుల్లిబాబు నేర్చుకున్న మాట తడబడకుండా అప్పజెప్పాడు.

వచ్చినవాడు హద్దురాయి వైపు చూశాడు.

“నీ జాగానా,” అన్నాడు మెల్లగా. “ఎవరో ఆంధ్రోళ్ళు కొన్నరంటే ఇన్న. ఇయ్యాల కండ్ల జూస్తున్న. మా అయ్య గీ రాయిని పట్టుకొని పానమిడిసిండు, ఎరికేనా నీకు?”

ఇవి చెప్పిపెట్టిన మాటలు కావు. సొంతంగా కల్పించుకుంటున్నాడు. విశ్వేశ్వరరావు మురిసిపోయాడు. చలపతిరావు ఎంచిన మనిషంటే మాటలా.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది నోటిమీద. బుల్లిబాబు వెల్లకిలా పడ్డాడు. గడ్డం మీదుగా ఎర్రగా కారింది. నాటకాలవాళ్ళ దగ్గర రంగుసీసాకి కొదవేముంది. కర్ర లేస్తోంది, పడుతోంది. తడిబట్టని బండకేసి బాదినట్టు చప్పుడు.

విశ్వేశ్వరరావు చూపంతా జనం మీదే. ముంతలు పెదాల దగ్గర ఆగిపోయాయి. ఒకడు లేచి నిలబడ్డాడు. పక్కవాడు లేవకపోయేసరికి మళ్ళీ కూలబడ్డాడు. అచ్చం పత్రికలో రాసినట్టే.

“ఆ ప్యాంటు సారే ఊకె సూస్తుండు. మనకేంది,” అన్నారెవరో వెనకనుంచి.

“సార్,” అని అరిచాడు బుల్లిబాబు. “సార్, ఆపమనండి సార్.”

ఒప్పందంలో అది లేదు. ఏం జరిగినా తనని పిలవొద్దని మరీ మరీ చెప్పాడు. ఇంత శ్రమా బూడిదలో పోస్తాడేమోనని విశ్వేశ్వరరావుకి చిరాకేసింది. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

కిష్టమ్మ ఆయన చెయ్యి పట్టుకుని లాగింది.

“సారూ, జర పోయి ఆపుండ్రి. మిమ్ములనే పిలుస్తుండు గద ఆ పిలగాడు. గాడు మేం జెప్తె ఇనడు. పానం దీస్తడు.”

“ఏం కాదమ్మా. నువ్వు కూర్చో,” అన్నాడాయన నవ్వి.

ఆమె కూచోలేదు. గంప వదిలేసి పరుగెత్తింది. కొట్టేవాడి నడుము పట్టుకుంటే వాడు విదిలించాడు. వెళ్ళి రాళ్ళమీద పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. మళ్ళీ లేచి, ఈసారి కుర్రాడి మీద అడ్డంగా పడిపోయింది. కర్ర ఆమె వీపుమీద పడ్డాక గానీ ఆగలేదు.

అది కాస్త ఎక్కువైందనిపించింది విశ్వేశ్వరరావుకి. ఆ ముసలమ్మని ఊరికే పంపకూడదు, చేతిలో ఏదైనా పెట్టాలి. చలపతిరావుకి కూడా ఓ మాట చెప్పాలి.

కొట్టినవాడు రొప్పుతూ కర్ర పారేశాడు. వచ్చిన దారినే పొలాల్లోకి నడిచిపోయాడు. ఒక్కరూ అడ్డం పోలేదు.

సిద్ధాంతం నిలబడింది. ఆ ముసలమ్మ సంగతి వ్యాసంలో ఎలా ఇమడ్చాలో ఆలోచించుకుంటూ విశ్వేశ్వరరావు లేచాడు, ప్యాంటు దులుపుకుని హద్దురాయి వైపు నడిచాడు. కిష్టమ్మ కుర్రాడి తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో నోరు తుడుస్తోంది.

“ఇక లేవవోయ్ బుల్లిబాబూ, అయిపోయింది. బ్రహ్మాండంగా చేశావు,” అన్నాడు దూరం నుంచే.

వెనక సైకిలు బెల్లు మోగింది. చారల బనీను, మెడలో ఎర్రరుమాలు, మెలితిప్పిన మీసాలతో ఒకడు చెమటలు కక్కుతూ దిగి, వినయంగా రెండు చేతులూ జోడించాడు.

“చలపతిరావుగారు పంపారండి, గోల్కొండ దగ్గర టైరు పంక్చరై ఆలస్యమైంది, ఏమనుకోకండి, నేను కొట్టాల్సిన కుర్రాడు ఎవరండి?”