ఉగ్గుగిన్నె

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. చదవడమూ నిదానమే, రాయడమూ నిదానమే. ఈ నాలుగు ముక్కలకు పదకొండు రోజులు పట్టింది. ఇందులో సుంకమ్మ అంటే నేనే.

"వేపాకు నూరి రొమ్ముకు పూసుకో పాపా. రెండు దినాల్లో వాడే మానుకుంటాడు" అంది సుంకమ్మ.

"వద్దవ్వా" అంది ప్రిస్కిల్లా. "నేను చేదని వాడికి గుర్తుండకూడదు."

ఆమె ఒళ్లో పదినెలల జోనా సీసా పీకను నాలుకతో బయటికి తోసేసి, చున్నీ పట్టుకు లాగుతున్నాడు. సీసాలో డబ్బా పాలు చల్లారిపోతున్నాయి.

బెంగళూరు హెబ్బగోడిలో ఆ వఠారానికి సుంకమ్మ కొడుకు వెంట వచ్చి మూడు వారాలే అయింది. పక్క గదిలో ఉండేది ముగ్గురు పెద్దవాళ్లు, ఒక బిడ్డ. ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే శామ్యూల్‌ను ప్రిస్కిల్లా "బావా" అని పిలుస్తుంది. పోయిన తన మొగుణ్ణి సుంకమ్మ కూడా ముప్పై ఏళ్లు అట్లాగే పిలిచింది. మూడో మనిషి లీలావతి, ప్రిస్కిల్లాకు అక్క. నెలల తరబడి ఆస్పత్రిలో ఉండి, ఈమధ్యే వచ్చింది. తలకు ఎప్పుడూ గుడ్డ కట్టుకొని, గోడకు ఆనుకొని కూర్చుంటుంది. పాపం, చెల్లెలి పంచన చేరిన మనిషి అనుకుంది సుంకమ్మ.

ప్రిస్కిల్లా నర్సు. సోమవారం ఊరికి ఆ చివర యలహంకలో డ్యూటీలో చేరాలి. ఇక అక్కడే ఉంటుంది. ఆదివారం లోపల బిడ్డ డబ్బా పాలకు అలవాటు పడాలి. ముందు మధ్యాహ్నం పూట, తర్వాత సాయంత్రం పూట, ఇట్లా ఒక్కొక్కటే మాన్పిస్తూ వచ్చింది. వాడు మెత్తగా కాచిన రాగి సరి తింటాడు. సీసా మాత్రం ముట్టడు.

"పాలు ఇంత ఉండంగా డబ్బా ఎందుకమ్మా? కట్టుకున్నోణ్ణి, కన్నబిడ్డనీ అక్క చేతిలో పెట్టి పోయే ఉద్యోగం, అదేం ఉద్యోగమప్పా?"

ప్రిస్కిల్లా సీసా పక్కన పెట్టింది. జోనా జుట్టు సవరించింది.

"అక్క చేతిలో పెట్టేదానికే ఈ అగచాట్లంతా అవ్వా."

"నర్సువు గదా. పాలు ఆగిపోయే మాత్రలుంటాయంట. మింగరాదా, నొప్పన్నా తప్పుతాది."

"ఒకసారి రాసిచ్చినారు. మింగలేదు."

"ఎప్పుడు?"

"పది నెలలైంది."

సుంకమ్మ బుగ్గ నొక్కుకుంది. "పుట్టంగానే మాన్పిచ్చల్లని చూస్తివా? నీ కడుపు బంగారంగాను, అది గుండెనా, బండనా?"

ప్రిస్కిల్లా సీసా కడగడానికి లేచి వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున సీసా లీలావతి చేతికి మారింది. "నేను కళ్ల ముందుంటే వాడు పట్టడక్కా. నువ్వే పట్టల్ల" అని ప్రిస్కిల్లా తను వేసుకొని విడిచిన చున్నీ అక్క భుజాన కప్పి, బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

లోపల ఏడుపు మొదలైంది. కొళాయి దగ్గర ప్రిస్కిల్లా రెండు చేతులూ రొమ్ముకు అదిమిపెట్టుకొని నిలబడింది. ఏడుపు పెరిగేకొద్దీ ఆమె కుర్తా ముందువైపు తడిసిపోయింది. అది చూసి సుంకమ్మ అక్కడి నుంచి కదిలింది.

తన గదిలోకి పోయి, ట్రంకు పెట్టె అడుగు నుంచి తన పిల్లలు తాగిన ఉగ్గుగిన్నె తీసింది. నీళ్లలో వేసి మరగకాచి, లీలావతి దగ్గరికి తీసుకుపోయింది.

"రబ్బరు వానికి సరిపడలే. ఇదిగో, ఈ కొన పెదవి మీద పెట్టి వంచు. బొట్టు బొట్టుగా."

లీలావతి గిన్నె వంచింది. మొదటి గుక్క గడ్డం మీదుగా కారిపోయింది. రెండోదీ అంతే. మూడోది వాడు మింగాడు. చున్నీ కొస పిడికిట్లో పట్టుకొని లీలావతి మొహం తేరిపార చూశాడు. ఆమె ఏడుస్తూనే గిన్నె వంచుతోంది.

"పెద్దమ్మవు, నువ్వెందుకమ్మా ఏడ్చేది? సాకు, ఇంక చాలు. కన్నీళ్లు పాలల్లో పడతాయి" అని కసిరింది సుంకమ్మ.

ఆదివారానికి జోనా గిన్నె చూస్తే నోరు తెరుస్తున్నాడు. ప్రిస్కిల్లా తన బట్టలు సర్దుకుంది. అన్నిటికన్నా అడుగున ఒక చిన్న ఊలు టోపీ పెట్టింది. కొన్నప్పటి మడత కూడా విప్పలేదు.

"అది బిడ్డకు పెట్టరాదా? చలిగా ఉండాది."

"వాడికి పట్టదవ్వా."

ముద్దు పెట్టుకుంటే మళ్లీ పాలకు ఎగబడతాడని, వాడి అరికాలు ఒకసారి కళ్లకు అద్దుకుంది. తర్వాత టీకాల కార్డు తెచ్చి సుంకమ్మ చేతిలో పెట్టింది.

"తొమ్మిదో నెల టీకా ఆలస్యమైంది, ఈ వారంలో వేయించల్ల. బావకు పగలు షిఫ్టు, అక్కకు ఒంటరిగా పోయే సత్తువ లేదు. మీరు తోడు పోండి. మీకు చదువొచ్చు గదా, తారీఖు అందులోనే ఉంది."

ఆటో కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

"ఏం తల్లిరా దేవుడా" అని గొణుక్కుంటూ సుంకమ్మ గడపలో కూర్చొని కార్డు తెరిచింది. కాన్పు మదనపల్లెలో అయినందువల్ల కార్డు తెలుగులోనే ఉంది. పై నుంచి వేలు పెట్టి కూడబలుక్కుంటూ వచ్చింది. బిడ్డ పేరు జోనా. తండ్రి పేరు శామ్యూల్. తల్లి పేరు దగ్గర ఒత్తులు ఎక్కువ ఉంటాయని వేలు నిదానం చేసింది. అక్కడ ఒక్క ఒత్తూ లేదు. కళ్లు తుడుచుకొని మళ్లీ మొదటి అక్షరం నుంచి చదివింది.

లీలావతి అని ఉంది. మింగని మాత్రలు, మడత విప్పని టోపీ అప్పుడు అర్థమయ్యాయి.

సుంకమ్మ, 63 ఏళ్లు
ఇప్పుడు ఉండేది హెబ్బగోడి, బెంగళూరు