గోడ బయటి చోటు

జపం ముగిసి జనం గుడి మెట్లు దిగుతుంటే లూర్దమ్మ మళ్లీ అడ్డం వచ్చింది. ఇది మూడో ఆదివారం.

"అప్పా, నీతో ఒక మాట చెప్పాల," అంది.

రాజరత్నం ఆగలేదు. సంతకాల కాగితాలు చంకలో పెట్టుకుని ఆమెను దాటుకుపోయాడు.

ఆళ్లగడ్డ పక్కనున్న ఆ పల్లెకు నెలకొకసారి నంద్యాల నుంచి ఫాదరు వచ్చిపోతాడు. మిగతా ఆదివారాలు జపం చెప్పించేదీ, పెండ్లికైనా చావుకైనా అవునో కాదో చెప్పేదీ గుడి పెద్ద రాజరత్నమే. మంచివాడే. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

అది 2003. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని సర్కారు చట్టాన్ని గట్టిచేసిన ఏడాది. నంద్యాలలో ఒక నర్సింగ్ హోంలో ఆడపిల్ల అని తేలితే కడుపు తీసేస్తున్నారని పేపర్లో వచ్చింది. దాన్ని మూయించాలని రాజరత్నం ఊరూరా తిరిగి సంతకాలు పెట్టిస్తున్నాడు.

లూర్దమ్మ ఆ నర్సింగ్ హోంలోనే ఇరవై ఏళ్లు ఆయాగా చేసింది. ఒంట్లో సత్తువ తగ్గి, ఆరు నెలల కిందట ఈ పల్లెలో చెల్లెలి పంచన చేరింది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆమె ముఖం చూస్తేనే అతనికి ఒళ్లు మండేది.

మండదా మరి? తొమ్మిదేళ్ల కిందట అతని భార్య సువార్తమ్మకు ఏడో నెలలోనే నొప్పులొచ్చి కాన్పయింది అక్కడే. ప్రాణం లేకుండానే పుట్టిందని చెప్పి, బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి అతని చేతికిచ్చారు. ఆ తర్వాత వాళ్లకు పిల్లలు లేరు.

నుదుట నీళ్లు పోసి పేరు పెట్టే జ్ఞానస్నానం లేని బిడ్డకు సమాధుల దొడ్డిలో చోటు లేదని అప్పటి పెద్దలు పట్టుబట్టారు. ఆ పద్ధతి ఇప్పుడు లేదని ఫాదరు చెప్పినా వినలేదు. రాజరత్నం నోరెత్తకుండా దొడ్డిగోడ బయట గుంత తవ్వాడు. సిలువ లేదు, పేరు లేదు. బిడ్డ దేవుని దగ్గరికి చేరిందో లేదోనన్న దిగులు అతన్ని తొమ్మిదేళ్లుగా తినేస్తోంది. ఆ మాట భార్యతో కూడా అనలేదు.

మూడో ఆదివారం దాటిన ఆ వారంలోనే లూర్దమ్మ రాజరత్నం ఇంటికే వచ్చింది. సువార్తమ్మ కూర్చోమని పీట వేసి, ఏమిటో తనతో చెప్పమంది. లూర్దమ్మ తల అడ్డంగా ఊపి రాజరత్నం వైపు తిరిగింది.

"ఈయమ్మతో చెప్పే మాట కాదప్పా. నీతోనే చెప్పాల."

"ఎంతమంది పసిబిడ్డల్ని బకెట్లో ఏసుకొని పోయింటావు నువ్వు?"

"లెక్క లేదు నాయనా." ఆమె దాచలేదు. "అందుకే నేను..."

"ఇంక నా గడప తొక్కొద్దు."

ముసురు పట్టిన ఆ నెలలోనే జ్వరం తగిలి లూర్దమ్మ చనిపోయింది. ఫాదరు ఊళ్లో లేడు. చెల్లెలు వచ్చి సమాధుల దొడ్డిలో ఇంత చోటు ఇమ్మని ఏడ్చింది. చచ్చిన మనిషితో పంతమెందుకని సువార్తమ్మ కూడా మెల్లగా చెప్పి చూసింది.

"నా బిడ్డనే బయట పెట్టినా. ఆ చేతులకు లోపల చోటు యాడిది?" అన్నాడు రాజరత్నం.

లూర్దమ్మను గోడ బయటే పూడ్చారు. రాజరత్నం జపం చెప్పడానికి కూడా పోలేదు.

వారం తర్వాత నంద్యాల నుంచి సలోమి అనే నర్సు వచ్చింది. లూర్దమ్మతో పదిహేనేళ్లు కలిసి పనిచేసిన మనిషి. సమాధి చూపించమంటే రాజరత్నమే తీసుకుపోవలసి వచ్చింది.

గోడ బయట తడిమట్టి కుప్ప చూసి ఆమె నిలబడిపోయింది. "ఈడ పెట్టినారేందన్నా ఈయమ్మను?"

పసిబిడ్డల్ని చంపిన చేతులని అతను కారణం చెప్పాడు. కొంచెం గర్వంగానే చెప్పాడు.

సలోమి మెల్లగా మొదలుపెట్టింది. కడుపులు తీసేది డాక్టర్లు. వద్దని గేటు దగ్గర ఆడవాళ్ల కాళ్లు పట్టుకునేది లూర్దమ్మ. దాంతో రెండుసార్లు పని ఊడింది, బతిమాలి మళ్లీ చేరింది. ఎందుకమ్మా ఈ పాపిష్టి కొలువు అంటే, నేను కూడా పోతే ఆ బిడ్డలకెవరున్నారు అనేదట. కొన ఊపిరితో బయటపడిన ఏ బిడ్డనూ ఆమె ఊరికే పోనివ్వలేదు. కొళాయి నీళ్లు నుదుట పోసి, పేరు పెట్టి, ప్రాణం పోయేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

"మీ గుడిలో జ్ఞానస్నానం అంటారు గదన్నా, అదే. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరు పోసినా చెల్లుతాదంట."

చెల్లుతుంది. ఆ సంగతి ఊళ్లో పిల్లలకు నేర్పేదే రాజరత్నం.

"పోయిన నెల నాకు ఉత్తరం రాయించింది," అంది సలోమి. "ఈ ఊర్లో ఒకాయన, మన ఆస్పత్రిలో చచ్చి పుట్టిందనుకొని బిడ్డను గోడ బయట పెట్టుకున్నాడంట. ఆ బిడ్డ గంటసేపు బతికింది, చచ్చి పుట్టిందని చెప్పమన్న డాక్టరమ్మకు భయపడి నేను ఆ పొద్దు నోరు మూసుకున్నా, నేనే నీళ్లు పోసి కరుణ అని పేరు పెట్టినా, తల్లికి తెలిస్తే గుండె పగుల్తాది, నాయనకన్నా చెప్పాల అని రాసింది. ఆయనకు చెప్పిందా అన్నా?"

తన బిడ్డకు నీళ్లు పోసి జ్ఞానతల్లి అయిన మనిషిని వారం కిందట రాజరత్నమే గోడ బయట పెట్టించాడు.