గుట్ట మీది రేగుకొమ్మ

రాళ్లగుట్ట మీద మేకలకు ఏటా ఎక్కుడు పందెం జరిగేది. పోతులు కొనదాకా ఎక్కి, అక్కడున్న ఒక్కగానొక్క రేగుచెట్టు నుంచి కొమ్మ తుంచి తేవాలి. ఆడమేకలకు మాత్రం సగం గుట్టలోనే గీత గీసేవారు.

"మీ మంచికే తల్లీ, పైన కాళ్లు నిలవవు," అనేవాడు పందెం పెద్ద, ముసలి కొండముచ్చు.

ఆ మాటకు బొల్లిమేకకు ఏటా ఒళ్లు మండేది. ఈ ఏడు మాత్రం గీత దగ్గరే ఆగి, నింపాదిగా నెమరేస్తూ నిలబడింది.

అందరికన్నా ముందు ఎక్కిన గండుపోతు ఉత్త నోటితో దిగివచ్చాడు. "కొమ్మా లేదు, ఆకూ లేదు. ఎవరో మొత్తం మేసేశారు."

"అంత ఎత్తుకు ఎక్కిందెవరు?" అన్నాడు కొండముచ్చు.

"నేనే తాతా," అంది బొల్లిమేక. "ఇద్దరు పిల్లల తల్లిని. కింద గడ్డి ఎండిపోయింది. నెల రోజులుగా అక్కడే మేస్తున్నా."

కొండముచ్చు వెళ్లి, తను గీసిన గీతను తన తోకతోనే చెరిపేశాడు.

గండుపోతు రొప్పుతూ దగ్గరికొచ్చాడు. "ఆ జారుడుబండ ఎట్లా ఎక్కావక్కా? నేను రెండుసార్లు జారాను."

బొల్లిమేక తల పైకెత్తింది.

"ఎక్కడానికేముంది తమ్ముడూ, పొదుగు నిండాక దిగడమే కష్టం."